అరీనా ఖాళీ చేస్తే ఓనర్ దిగొస్తాడా? రాడు, ఎందుకంటే...

ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ టీమ్ డల్లాస్ మావెరిక్స్ (మావ్స్) తన జనరల్ మేనేజర్ (జీఎం) నికో హారిసన్‌ని తీసేసిన దగ్గర్నుంచి ఒక మాట తెగ తిరుగుతోంది, డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్, ఫ్రిస్కో వైపు మన తెలుగు మావ్స్ ఫ్యాన్స్ కూడా అదే అంటున్నారు. "ఫ్యాన్స్ దెబ్బకి జీఎం పోయాడు, ఇక టికెట్లు కొనడం మానేద్దాం, సినిమా బాలేకపోతే హాలు ఖాళీ అయినట్టు అరీనా ఖాళీ అయితే ఓనరే దిగొస్తాడు" అని. మన స్టార్ ఆటగాడు లూకా డాన్సిచ్‌ని నికో ట్రేడ్‌లో లాస్ ఏంజెలెస్ లేకర్స్ టీమ్‌కి ఇచ్చేసిన కోపం నాకూ ఇంకా తగ్గలేదు. కానీ ఈ మాట తప్పు, దీన్ని నమ్ముకుంటే మన కోపమంతా పనికిరాని చోట ఖర్చయిపోతుంది.

"సీట్లు ఖాళీ అయితే డబ్బు ఆగిపోతుంది" అంటున్నారు. ఏ డబ్బు? 2024లో డిస్నీ, ఎన్‌బీసీ, అమెజాన్‌లతో ఎన్‌బీఏ 11 ఏళ్ళకి కుదుర్చుకున్న టీవీ డీల్ సుమారు 7,600 కోట్ల డాలర్లు. దాన్ని 30 టీమ్‌లకీ సమానంగా పంచుతారు. సగటు చూస్తే టీమ్‌కి ఏడాదికి 23 కోట్ల దాకా పడుతుంది, మొదట్లో తక్కువ ఉండి పోనుపోనూ పెరుగుతుంది. ఆటగాళ్ళ జీతాలకి లీగ్ పెట్టిన పరిమితి (శాలరీ క్యాప్) 2025-26లో 15.46 కోట్ల డాలర్లు, అంటే సగటు టీవీ వాటా దానికన్నా ఎక్కువే. హాలు పోలిక తెచ్చారు కాబట్టి అదే చెప్తాను, ఇది రిలీజ్‌కి ముందే ఓటీటీకి అమ్మేసి పెట్టుబడి రాబట్టుకున్న సినిమా, హాల్లో ఎవరూ లేకపోతే నిర్మాతకి లాభం తగ్గుతుందేమో గానీ ఇల్లు అమ్ముకునే పరిస్థితి రాదు.

అరీనా డబ్బు చిన్నదని నేను అనట్లేదు. లీగ్ ఆదాయంలో సుమారు 40 శాతం అరీనాకి వచ్చే జనంతో ముడిపడి ఉందని 2020లో ఎన్‌బీఏ కమిషనర్ ఆడమ్ సిల్వరే చెప్పాడు. కానీ అసలు లాభం టీమ్ ధరలో ఉంది. ఏడెల్సన్ కుటుంబం 2023లో మావ్స్‌లో మెజారిటీ వాటా కొన్నప్పుడు టీమ్ విలువ సుమారు 350 కోట్ల డాలర్లు, ఆ తర్వాత 2025లో బోస్టన్ సెల్టిక్స్ టీమ్ 610 కోట్లకి, లేకర్స్ దాదాపు 1,000 కోట్ల విలువకి వెళ్ళాయి. ఆ ధరల వెనక పెద్ద ధైర్యం ఈ టీవీ కాంట్రాక్టే.

టీవీ డబ్బుకి ఊరితో ఎంత సంబంధం ఉందో తెలియాలంటే సిల్నా అన్నదమ్ముల సంగతి చూడండి. 1976లో ఏబీఏ అనే పోటీ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కలిసినప్పుడు వాళ్ళ సెయింట్ లూయిస్ టీమ్‌ని తీసుకోలేదు. పరిహారంగా వాళ్ళు అడిగి రాయించుకున్నది ఏంటంటే, చేరిన నాలుగు టీమ్‌ల టీవీ డబ్బులో ఒక్కో దాన్నుంచి ఏడో వంతు, ఎన్‌బీఏ ఉన్నంతకాలం. అలా 2014 దాకా సుమారు 30 కోట్ల డాలర్లు వచ్చాయి, చివరికి ఆ ఒప్పందం వదిలించుకోడానికి లీగ్ ఇంకో 50 కోట్లు ఇచ్చింది. టీమ్ లేదు, అరీనా లేదు, టికెట్ కొన్న మనిషి ఒక్కడు లేడు, అయినా దాదాపు నలభై ఏళ్ళు చెక్కులు వచ్చాయండీ.

"చెత్తగా ఆడితే టీవీ వాటా కూడా తగ్గుతుంది" అనేది ఇంకో పాయింట్. తగ్గదు, పంపకం సమానం అని పైన చెప్పాను కదా. ఫిలడెల్ఫియా టీమ్ 2015-16లో 10 మ్యాచ్‌లు గెలిచి 72 ఓడింది, తర్వాతి సీజన్‌లో కొత్త టీవీ డీల్ మొదలైతే అందరితో పాటు వాళ్ళ వాటా కూడా పెరిగింది.

ఇక నికో సంగతి. ట్రేడ్ 2025 ఫిబ్రవరి మొదట్లో, తీసేసింది నవంబర్ 11న, కొత్త సీజన్‌లో టీమ్ 3 గెలిచి 8 ఓడిన తర్వాత. మధ్యలో తొమ్మిది నెలలు. పైగా "ఫైర్ నికో" (నికోని తీసెయ్యండి) అనే ఫ్యాన్స్ నినాదం ఎక్కడ వినిపించింది? అరీనా లోపల, కెమెరాల ముందు. ఫ్రీ త్రో వేస్తుంటే కూడా టీవీలో అదే వినబడేది, ఫిబ్రవరిలో ఒక మ్యాచ్‌లో కొందరిని బయటికి పంపేసినా ఆగలేదు. ఖాళీ సీటు అరవలేదు కదా! ఫ్యాన్స్ గెలిచింది లోపల కూర్చుని. అప్పుడు కూడా పోయింది ఉద్యోగి, ఓనర్ కాదు. ఏప్రిల్ 9న లూకా లేకర్స్ తరఫున డల్లాస్‌కి తిరిగొచ్చి 45 పాయింట్లు కొట్టిన రాత్రి స్పోర్ట్స్ చానెల్ ఈఎస్‌పీఎన్ దేశమంతా చూపించింది, మన బాధ కూడా వాళ్ళకి ప్రోగ్రామే అయింది.

"కోపం వస్తే వేరే ఊరికి పట్టుకుపోలేరుగా" అనేవాళ్ళకి సియాటిల్ ఒక్కటి చాలు. 2006లో టీమ్‌లకి పబ్లిక్ డబ్బు ఊరికే ఇవ్వొద్దని అక్కడి ఓటర్లు ఓటేశారు, 2008లో ఆ ఊరి ఎన్‌బీఏ టీమ్ సోనిక్స్ ఓక్లహోమా సిటీకి వెళ్ళిపోయింది. అంతకన్నా చిన్న ఊరే, కానీ నేషనల్ టీవీ వాటా ఎక్కడున్నా అంతే కాబట్టి వెళ్ళడం తేలికైంది.

మరి ఓనర్ ఎక్కడ మన మాట వినాలి? స్థలం, పర్మిషన్లు, పన్ను డబ్బు కావాల్సిన చోట. మావ్స్ ఇప్పుడున్న అరీనా లీజు 2031లో అయిపోతుంది. ఏడెల్సన్ కుటుంబం చేతిలోనే ఉన్న క్యాసినో కంపెనీ లాస్ వేగస్ శాండ్స్‌కి ఇర్వింగ్‌లో పాత టెక్సాస్ స్టేడియం దగ్గర భూమి ఉంది, 2025 మార్చిలో అక్కడ క్యాసినోకి కూడా వీలుండేలా జోనింగ్ (ఆ స్థలంలో ఏం కట్టొచ్చో సిటీ ఇచ్చే అనుమతి) అడిగారు. జనం హియరింగ్‌కి వెళ్ళి గంటల తరబడి వద్దని మాట్లాడారు, కొద్ది రోజుల్లోనే క్యాసినో ముక్క వెనక్కి తీసుకున్నారు. టికెట్ మానేస్తే అంత త్వరగా ఏదీ కదల్లేదు. కొత్త అరీనా ప్రపోజల్ ఏ కౌన్సిల్ ముందుకొచ్చినా ఆ హియరింగ్‌కి వెళ్ళండి, మాట్లాడ్డానికి సిటిజన్ అయ్యుండాల్సిన పనిలేదు, హెచ్‌1బీ మీద ఉన్నా పేరు రాయించుకుని మైకు దగ్గరికి వెళ్ళొచ్చు.