నీలం వాళ్లది, తెలుపు వీళ్లది, కేసు ఎవరి మీద పెట్టాలి?

సంస్కృతుల స్వచ్ఛత కోసం తిండీ నిద్రా మానేసి ఫార్వర్డులు పంపే నాలాంటి వాళ్లు ఇంతమందిమి ఉండి కూడా, పన్నెండు వందల ఏళ్లుగా పట్టపగలు నడుస్తున్న ఒక కల్తీ వ్యవహారం మీద ఇంతవరకు ఒక్క ఎఫ్ఐఆర్ కూడా నమోదు కాలేదంటే నాకు అన్నం సయించట్లేదు. తెల్లటి పింగాణీ మీద నీలం పువ్వులు, నీలం తీగలు ఉండే కూజాలు మీరూ చూసే ఉంటారు, అబ్బ ఎంత చైనావాళ్ల పనితనమో అని మురిసిపోయే ఉంటారు. అక్కడే మోసపోయారు. అందులో ముస్లిం దేశాల చెయ్యి ఎంతుందో తెలిస్తే ఇరువైపుల స్వచ్ఛతావాదులూ ఒకే బెంచీ మీద కూర్చుని ఏడవాలి.

అసలు మొదటి నుంచీ వీళ్ల లక్షణాలు అనుమానంగానే ఉన్నాయి. 751లో తలాస్ దగ్గర అరబ్బుల అబ్బాసిద్ సైన్యానికీ చైనా తాంగ్ వంశం సైన్యానికీ యుద్ధం జరిగింది, చైనా ఓడిపోయింది. ఆ యుద్ధంలో పట్టుబడ్డ దూ హువాన్ అనే ఆయన పశ్చిమ దేశాలన్నీ తిరిగి తిరిగి 762లో ఓడ మీద ఇంటికి చేరుకుని, ఇరాక్‌లోని కూఫాలో చైనా నుంచి వచ్చిన చిత్రకారులు, నేతగాళ్లు పని చేస్తున్నారని పేర్లతో సహా రాసిపెట్టాడు. పేర్లతో సహా అండి, ఇంతకంటే సాక్షి వాంగ్మూలం ఏం కావాలి? కత్తులు దూసుకున్న దేశాలు కనీసం నాలుగు తరాలు పగ పెట్టుకోవాలని తెలియదా, బొమ్మలు గీయడమేంటి, గీయించుకోవడమేంటి.

సరే, ఏ1 నిందితుడెవరో తేలుద్దామని కూర్చుంటే అదీ తేలట్లేదు. 830 ప్రాంతంలో ఒక అరబ్ ఓడ, మేకులు కొట్టకుండా చెక్కల్ని తాళ్లతో కుట్టేసిన రకం, చైనా సరుకు వేసుకుని వస్తూ ఇండోనేషియాలో బెలిటుంగ్ దీవి దగ్గర మునిగిపోయింది. 1998లో బయటపడితే లోపల 60 వేల దాకా పింగాణీ, మట్టి సామాన్లు, ఎక్కువ భాగం చైనాలోని చాంగ్షా బట్టీల గిన్నెలే, వాటి మధ్యలో మాత్రం తెల్లటి ఒంటి మీద నీలం గీతలున్న ప్లేట్లు మూడంటే మూడు. అంటే చైనావాడే ముందు మొదలెట్టాడని రాసేసుకుందామా అంటే, వాటి మీద డిజైన్ చూస్తే పశ్చిమాసియా వాళ్ల రుచికి తగ్గట్టుంది. అటు చూస్తే అదే శతాబ్దంలో ఇరాక్‌లోని బస్రా కుమ్మరులు ఇంకో ఘనకార్యం చేస్తున్నారు. చైనావాడి తెల్ల గిన్నె చూసి మనసు పారేసుకున్నారు, కానీ ఆ మట్టి వాళ్ల దగ్గర లేదు, అంత వేడి పుట్టించే బట్టీ లేదు. ఊరుకోవాలి కదా? ఊరుకోలేదు, పసుప్పచ్చగా ఉండే లోకల్ మట్టితోనే గిన్నె చేసి, పైన తగరం కలిపిన తెల్ల పూత పూసేసి చైనా గిన్నెలా నిలబెట్టారు. డూప్లికేట్ చేసినోడు డూప్లికేట్‌తో ఆగుతాడా, ఆ తెలుపు మీద కోబాల్ట్ అనే ఖనిజం నుంచి వచ్చే నీలంతో అరబీలో రాయడం మొదలెట్టారు. అలాంటి ఒక గిన్నె మధ్యలో ‘సంతోషం’ అనే మాట ఒకసారి రాస్తే చాలదని మళ్లీ రాశారు. దొంగ సరుకు చేసినోడికి అంత సంతోషం ఎందుకో సిట్ వేసి తేల్చాలి.

ఇక మంగోలులు వచ్చాక అడ్డూ అదుపూ లేదు, వాళ్ల అన్నదమ్ముల్లో చైనా అన్న చేతిలో, ఇరాన్ తమ్ముడి వారసుల చేతిలో, మధ్యలో చెక్‌పోస్టు పెట్టే నాథుడే లేడు. ఇరాన్‌లో కాషాన్ దగ్గర ఖమ్సర్ గనుల నుంచి వచ్చే కోబాల్ట్ గురించి ఆ ఊరి కుమ్మరుల కుటుంబంలో పుట్టిన అబుల్ ఖాసిం 1301లోనే రాశాడు. ఇరాన్ వైపు నుంచి అలాంటి నీలం ప్రయాణం కట్టి చైనాలో పింగాణీకి పేరుమోసిన జింగ్‌దెజెన్ బట్టీలకు చేరింది, అక్కడ 1300 డిగ్రీల దగ్గర కాలి, ఎవరూ విడదీయలేనంతగా తెల్ల మట్టికి అతుక్కుపోయింది. ఆ రంగులో ఇనుము ఎక్కువ, అందుకని అక్కడక్కడా నల్లగా గడ్డకట్టి మచ్చలు పడేవి. లోపమే. కానీ నాలుగొందల ఏళ్ల తర్వాత 18వ శతాబ్దంలో, శుభ్రమైన రంగు చేతిలో పెట్టుకుని కూడా, పాతకాలపు సరుకులా కనిపించాలని చైనా కళాకారులే కుంచెతో ఆ మచ్చల్ని చుక్కలు చుక్కలుగా పెట్టారు! పరాయి రంగు తెచ్చుకోవడం ఒక తప్పు, దాని జబ్బుని కూడా వారసత్వంగా భద్రపరచడం ఇంకో తప్పు, సెక్షన్లు వేరు వేరుగా పెట్టాలి.

ఇంత చీకట్లో ఒకే ఒక్క దీపం, మా గురువుగారు త్సావ్ జావ్. 1388లో, చైనాలో మింగ్ వంశం కాలంలో, మంచి సరుకేదో చెడ్డ సరుకేదో పెద్దమనుషులకి చెబుతూ ఈ నీలం పువ్వుల పింగాణీని ‘మరీ నాటు’ అని తేల్చిపారేశాడు. ఎంత స్వచ్ఛమైన మనిషి! ఎవరైనా విన్నారా? ఆ నాటు సరుకే ఇవాళ చైనా అనగానే కళ్లముందు కనిపించే సరుకైంది. స్వచ్ఛతావాదులకి చరిత్రలో జరిగే అన్యాయం ఎప్పుడూ ఇంతే.

అక్షరాల సంగతి ఇంకా ఘోరం. మింగ్ తొలినాళ్ల చైనావాళ్లు అరబ్బుల ఇత్తడి సామాను ఆకారాల్ని పింగాణీలో దించుతూ, దాని మీదున్న అరబీని కూడా చదవడం రాకుండానే గీతలు గీతలుగా దించేశారు. 17వ శతాబ్దం ఇరాన్ కుమ్మరులు బదులు తీర్చుకున్నారు, గిన్నె అడుగున చైనా చక్రవర్తి ముద్రలా కనిపించేట్టు అర్థంపర్థం లేని పిచ్చిగీతలు గీసి అమ్ముకున్నారు. రానిదాన్ని చదవలేనోడికి అమ్మడం, ఇదీ వీళ్ల నాగరికత! మధ్యలో చైనాలో జెంగ్‌దె చక్రవర్తి కాలంలో కుంచె ఆనించుకునే ఐదు శిఖరాల పింగాణీ కొండ ఒకటి చేసి, దాని మీద పర్షియన్‌లో ‘కలందాన్’, అంటే కలం పెట్టుకునేది, అనే అర్థం వచ్చే మాట సరిగ్గానే రాశారు. బీజింగ్ దర్బారులో బల్ల మీద వస్తువుకి ఇరాన్ భాషలో లేబుల్, ప్రశ్నించే ఒక్క భాషాభిమాని లేడు.

ఇరాన్ రాజు షా అబ్బాస్ 1611లో అర్దబిల్ దర్గాకి వెయ్యికి పైగా చైనా పింగాణీలు ఇచ్చాడు, ఇచ్చే ముందు, మనిళ్లలో స్టీలు సామాన్ల మీద పేరు కొట్టించినట్టు, వాటి మీద తన పేరు చెక్కించాడు. ఒట్టోమన్ సుల్తాన్ల వాళ్లయితే ఇస్తాంబుల్లో చైనా గిన్నెలకి బంగారు తీగ చుట్టి కెంపులు పొదిగించారు. పోనీలెండి, డబ్బున్నోళ్ల కేసులు ఎప్పుడూ ముందుకెళ్లవు.

కాబట్టి నా డిమాండ్ ఒకటే, విడదీత. మొదటి ఎగ్జిబిట్‌గా 1351 నాటి ఒక జంట నీలం తెలుపు పింగాణీ కూజాల్ని తీసుకోవాలి. రెండడుగుల పైన ఎత్తు, మెడ మీద దాత పేరు జాంగ్ వెన్‌జిన్, ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలని ఒక గుడికి ఇచ్చాడు, కూజాలతో పాటు ఒక ధూపపాత్ర కూడా ఇచ్చినట్టు అందులోనే రాసుంది, కానీ అది ఇంతవరకు దొరకలేదు కాబట్టి ఏ3 పరారీలో ఉన్నట్టు రాసుకోవాలి. ఇవి ప్రస్తుతం మట్టీ ఇవ్వని, రంగూ ఇవ్వని లండన్ కస్టడీలో ఉన్నాయి. తెలుపు గీకి జింగ్‌దెజెన్‌కి, నీలం గీకి కాషాన్‌కి పంపాలి, వాటి మీదున్న డ్రాగన్ ఒళ్లు చైనాకి, దానికి పూసిన రంగు ఇరాన్‌కి, ఆ లెక్క పోలుసు పోలుసుకీ చూసుకోవచ్చు. మెడకి రెండు పక్కలా పిడులుగా ఉన్న ఏనుగు తలలు మాత్రం వాళ్లిద్దరివీ కాదు, ఏనుగులు ఎవరివో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. ఆ నాలుగు తలలూ మనవేనని మా గ్రూపులో నిన్న రాత్రే తీర్మానం అయిపోయింది, అటువైపు నుంచి ఏ మాత్రం అభ్యంతరం వచ్చినా తొండాలతో సహా వడ్డీ వసూలు చేస్తాం.