కోచ్ నోట్‌బుక్ ఎవరి దగ్గర ఉండాలి?

సెలవుల్లో టీచర్లకు రెండు రోజుల శిక్షణ, చేతికో ఫైలు, చివర్లో గ్రూప్ ఫొటో. వీటితో క్లాసులో ఏమీ మారదని తేలిపోయాకే బడులు కన్సల్టెంట్లను, టీచర్ల బోధన చూసి సరిదిద్దే కోచ్‌లను నేరుగా తరగతి గదికి పిలుస్తున్నాయి. మంచిదే. 2018లో అమెరికా విద్యా పరిశోధకుడు మాథ్యూ క్రాఫ్ట్ బృందం 60 అధ్యయనాలను కలిపి చూస్తే, కోచింగ్‌తో బోధన బాగానే మెరుగైంది, పిల్లల మార్కులూ కొంత పెరిగాయి. అయితే ఒక కోచింగ్ కార్యక్రమంలో టీచర్ల సంఖ్య పెరిగేకొద్దీ ఆ ఫలితం తగ్గిందని కూడా అందులోనే ఉంది. కోచింగ్ అమ్ముకునేవాళ్లు ఈ ముక్క ఎత్తరు.

ఎందుకు తగ్గుతుందో క్లాసులో కూర్చుంటే తెలుస్తుంది. ప్రశ్న వేశాక టీచర్ జవాబు కోసం ఆగేది సగటున ఒక్క సెకనేనని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లోనే చూపించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయి, నోరు విప్పే పిల్లలు పెరుగుతారు. పని తెలిసిన కోచ్ వెనక బెంచీలో కూర్చుని పది ప్రశ్నలు రాసుకుంటారు: ఏమడిగారు, ఎన్ని సెకన్లు ఆగారు, ఎవరు చెప్పారు. అదే రోజు ఆ కాగితం టీచర్ ముందు పెట్టి, "మీకేం కనిపిస్తోంది?" అని అడిగి ఊరుకోవాలి. పదిలో ఏడు జవాబులు ముందు బెంచీ ఇద్దరివేనని టీచరే పట్టుకుంటారు. ఇక రేపటి పాఠంలో మూడు ప్రశ్నలకు ముందే గుర్తు పెట్టుకోవాలి. ప్రశ్న అడిగి, మనసులో మూడు లెక్కపెట్టి, ఆ తర్వాతే పేరు పిలవాలి. పేరు ముందే పిలిస్తే మిగతావాళ్లు ఆలోచించడం మానేస్తారు. ఖాళీ గదిలోనే ఒకసారి చేయించాలి కూడా. ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంటుంది, అయినా తప్పదు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చి అదే లెక్క వేయాలి.

ఒకే విజిట్‌లో బోర్డు రాత, గ్రూప్ వర్క్, క్రమశిక్షణ అంటూ ఎనిమిది సలహాలిస్తే టీచర్ అన్నిటికీ తలూపుతారు, ఒక్కటీ చేయరు. ఒక కోచ్‌కి 80 మందిని అంటగట్టినా అంతే. రోజుకు ఇద్దరు, వారానికి పదిమంది అనుకుంటే ఒక్కొక్కరి వంతు ఎనిమిది వారాలకోసారి వస్తుంది. ఈలోగా ఏమనుకున్నారో ఇద్దరూ మర్చిపోతారు.

డబ్బు పెడుతున్నాం, ఎవరు మెరుగయ్యారో మాకు తెలియొద్దా అని యాజమాన్యం అడుగుతుంది. తెలియాలి. అందుకు హెడ్మాస్టర్ ఉన్నారు, పరీక్షలున్నాయి. కోచ్ నోట్‌బుక్ ఒక్కసారి పైకి వెళ్లిందంటే, మర్నాటి నుంచి కనిపించేది నిన్ననే రిహార్సల్ చేయించిన పాఠం. ప్రతి ప్రశ్నకూ అన్ని చేతులూ లేస్తాయి. దిద్దడానికి తప్పంటూ ఉండదు.

తప్పు తెలియాలంటే, దాన్ని వినేవాళ్ల చేతిలో శిక్ష ఉండకూడదు. అమెరికా విమానయానం ఇది ఎప్పుడో గ్రహించింది. పైలట్లు తమ పొరపాట్లను లైసెన్సుపై అధికారమున్న విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏకి చెప్పుకోరు గనుకే, ఆ నివేదికలు తీసుకునే పనిని 1976లో నాసాకు అప్పగించారు. టీచర్‌కి మాత్రం సలహా చెప్పే మనిషే మార్కులూ వేయాలంటున్నాం.

అందుకే ఒప్పందంలో ఒక వాక్యం ఉండి తీరాలి: పరిశీలన కాగితం టీచర్ దగ్గరే ఉంటుంది, యాజమాన్యానికి వెళ్లేవి విజిట్ల సంఖ్య, పనిచేసిన అంశం మాత్రమే. దానికి సంతకం పెట్టని బడికి కన్సల్టెంట్ వెళ్లకపోవడమే మేలు.