అయిదు మృగాలు, ఒక బాల్‌పెన్ను

కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి వెళ్లేవారు దుర్భిణీ, చలికోటు, ఎండకు టోపీ వెంట తెచ్చుకోవాలని టూరు వారు ఇచ్చిన కాగితంలో ఉంది. అన్నిటికంటే ముఖ్యమైన పరికరాన్ని రాయడం మాత్రం మరిచిపోయారు. బాల్‌పెన్ను. అది లేనిదే అడవిని చూడడం సాధ్యం కాదని నా పక్క సీటాయన నాలుగు రోజుల పాటు సోదాహరణంగా నిరూపించారు.

ఆయన చొక్కా జేబులో నాలుగు మడతల కాగితం ఒకటి ఉండేది. అందులో అయిదు పేర్లు: సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. ఎదురుగా అయిదు ఖాళీ గళ్లు. వీటినే బిగ్ ఫైవ్ అంటారు. ఇవి అందమైనవనో అరుదైనవనో ఎంచిన జాబితా కాదిది. పూర్వం తుపాకులు పట్టుకుని వచ్చిన దొరలు, కాలినడకన వేటకు వెళితే తిరగబడి ప్రాణాలు తీసే జంతువులు ఏవని లెక్కవేసుకుని తేల్చిన పద్దు. కెన్యా ప్రభుత్వం 1977లో వేటను నిషేధించింది. దొరలు పోయారు, తుపాకులు పోయాయి, పద్దు మాత్రం వారసత్వంగా మా పక్క సీటాయన జేబులోకి వచ్చి చేరింది. జిరాఫీకి అందులో చోటు దక్కలేదు. అంత పొడుగు పెరిగి ఏం లాభం, దొరను చంపే చొరవ లేకపోయాక!

పార్కు గేటు ఉదయం ఆరింటికి తెరుస్తారు. భూమధ్యరేఖకు ఆనుకుని ఉన్న చోటే అయినా సముద్రమట్టానికి వెయ్యిన్నర మీటర్ల ఎత్తు కావడంతో ఆ వేళ చలికి పళ్లు టకటకలాడతాయి. ఎర్రగళ్ల మసాయి దుప్పట్లలో చుట్టుకుని, జంతికల డబ్బా కాళ్ల దగ్గర పెట్టుకుని మేము ఆరుగురం బయలుదేరాం. కాసేపటికి డ్రైవరు బండి ఆపి, "టోపీ!" అన్నాడు. వెనక సీటులోని ఆవిడ కంగారుగా తల తడుముకున్నారు.

టోపీ అంటే అక్కడొక జింక జాతి. చెదపుట్ట మీద నాలుగు కాళ్లూ దగ్గరగా పెట్టి, విగ్రహంలా నిలబడి ఉంది. ఒంటి రంగు రాగిచెంబును చింతపండుతో తోమినట్టుంది. తొడల మీద సిరా ఒలికిన మరకలు, మోకాళ్ల కింద పసుపుపచ్చ మేజోళ్లు. అప్పుడే వస్తున్న ఎండ దాని వీపు మీద పడి, మంచు ఆవిరై లేస్తోంది. నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండగా పక్క సీటాయన కాగితం విప్పి, పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి వెతికి, "ఇది మనకు లేదండీ" అన్నారు. బండి కదిలింది.

ఆయనను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. జూలై నుంచి డిసెంబరు దాకా విదేశీయుడికి ఈ పార్కు టికెట్టు 200 డాలర్లు, అదీ పన్నెండు గంటలకు. అంత పోసినవాడికి పసుపు మేజోళ్లు చూపించి పంపితే న్యాయమా? సింహం విషయంలో ఆయనకు ఎంత అన్యాయం జరిగిందో వినండి. మృగరాజు గారు పొద కింద వెల్లకిలా పడుకుని, పొట్ట మీద ఈగలు ముసురుతుంటే తోక కూడా ఆడించలేదు. సింహం రోజులో ఇరవై గంటల దాకా అలా పడుకునే ఉంటుందని డ్రైవరు చెప్పాడు. "మనం వచ్చిన సంగతి దానికి తెలుసా?" అని అడిగారు పక్క సీటాయన. హారను కొట్టమన్నారు. చప్పట్లు కొట్టి చూపించారు. చివరికి పడుకున్నదాన్ని సగం కింద లెక్కవేసి గడిలో అడ్డగీత ఒకటే గీశారు. నిలువుగీత అది లేచినప్పుడు.

సరిగ్గా అప్పుడు రేడియో గరగరలాడింది. వేరే బండి డ్రైవరెవరో అక్కడి స్వాహిలీ భాషలో ఏదో గబగబా చెప్పారు. మా చెవికి అందింది ఒకటే మాట: "దుమా". దుమా అంటే చీతా. బండి గాలిలో లేచింది, జంతికలు మా ఒళ్లలో పడ్డాయి.

చీతా ఆ జాబితాలో లేదని నేను గుర్తుచేశాను. ఆయన నా వైపు జాలిగా చూశారు. "చీతా అన్నా చిరుత అన్నా మన తెలుగులో ఒకటే కదండీ. 2022లో నమీబియా నుంచి ఎనిమిది చీతాలను మధ్యప్రదేశ్‌లోని కునో పార్కుకు తెచ్చినప్పుడు పేపర్లవాళ్లు కూడా చిరుతలనే రాశారు." ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. చిరుతకు మచ్చలు పువ్వుల్లా ఉంటాయి, చీతాకు నల్లచుక్కలు, కంటి నుంచి నోటి దాకా కాటుక కారినట్టు గీత ఉంటుంది, అది వేరు ఇది వేరు అని చెబుతూనే ఉన్నాను. పెన్ను టిక్కుమంది.

అక్కడికి చేరేసరికి మాకంటే ముందే ఊరంతా చేరింది. ముప్పై ఒక్క బండ్ల దాకా లెక్కపెట్టాను, తక్కినవి దుమ్ములో కలిసిపోయాయి. ఒక జంతువు దగ్గర అయిదు బండ్లకు మించి ఆగకూడదు, పాతిక మీటర్ల దూరం పాటించాలి, వెనక ఎవరైనా ఎదురుచూస్తుంటే పది నిమిషాల్లో తప్పుకోవాలి. ఇవి పార్కు నియమాలు. గేటు దగ్గర అందరూ భక్తితో చదివినవే. ఇక్కడ మాత్రం తిరుమల మహాద్వారం దగ్గరి తోపులాట. "ముందు బండి జరగాలి", "ఆ తల కాస్త దించండి", "మా పాప చూడలేదు". ఒకరు డ్రోను తేలేకపోయానని బాధపడుతున్నారు. ఒకరు చీతాకు వీపు తిప్పి, చీతాతో కలిపి తన ముఖం తీసుకుంటున్నారు. పైకప్పు ఎత్తిన ప్రతి బండిలో నుంచి చేతులు పైకి లేచి ఉన్నాయి, చేతికొక ఫోను. నా చెయ్యి కూడా. అది దాచను.

మధ్యలో ఒక తల్లి చీతా. గడ్డిలో మూడు కూనలు, వీపు మీద బూడిదరంగు జూలుతో. ఎదురుగా దూరంగా గజెల్ జింకల మంద. తల్లి తల వంచి, భుజాలు నేలకు ఆనించి, ఒక్కొక్క అడుగే వేస్తూ పోతోంది. సింహాలు, దుమ్ములగొండ్లు రాత్రిపూట తిరుగుతాయి కనుక పగలు వేటాడుకునే జీవం అది. దాని పగలంతా మేము కొనేశాం. సరిగ్గా అది నిలబడి గురిచూసిన క్షణాన, మంచి కోణం కోసం ఒక తెల్లబండి దానికీ జింకలకూ మధ్యకు వచ్చి ఆగింది. జింకలు తలలెత్తాయి. పోయాయి. "అయ్యో, పరిగెత్తనే లేదు!" అని బండ్లన్నీ నిట్టూర్చాయి. దాని పరుగుకు కూడా టికెట్టులో డబ్బు కట్టాం మరి.

ఇక్కడ నాకు వ్యంగ్యం రాదు. ఇదే మారాలో చీతాల మీద చేసిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. పర్యాటకుల రద్దీ తక్కువగా ఉన్నచోట ఒక తల్లి సగటున 1.7 కూనలను పెంచి పెద్దచేస్తుంటే, రద్దీ ఎక్కువగా ఉన్నచోట 0.2 మాత్రమే పెంచగలుగుతోంది. 0.2 కూన అంటే ఏమిటి? ఒక తోకా? రెండు చెవులా? అయిదుగురు తల్లులు కలిసి ఒక్క బిడ్డను బతికించుకోవడం! ఎవరూ తుపాకి పేల్చలేదు, ఉచ్చు వేయలేదు. ప్రేమతో చూడడానికి వచ్చాం, అంతే. కొండకెక్కి కూర్చున్న దేవుడు గనుక మన దర్శనాలను తట్టుకున్నాడు, ఈ తల్లికి పిల్లలకు పాలివ్వాలంటే తిండి కావాలి. తిండి దొరక్కుండా చేసి, ఆ ఆకలి ముఖాన్నే ఫోటో తీసి ఇంటి గోడకు తగిలించుకునే మనల్ని ఏమనాలో ఏ భాషలోనూ నాకు తెలియడం లేదు.

డ్రైవరును అడిగాను, అంత దగ్గరికి ఎందుకు పోనిచ్చావని. అతను అద్దంలోంచి చూసి మెల్లగా చెప్పాడు: "దూరంగా ఆపితే, ఏమీ చూపించలేదని సాయంత్రం మీరే రాస్తారు కదా సార్." 'మీరే' అన్నప్పుడు అతను నన్ను ప్రత్యేకంగా చూడలేదు. అదే ఎక్కువ తగిలింది.

తల్లి చీతా కూర్చుండిపోయింది. నోరు తెరిచి పిలిచింది. గర్జన కాదది, పిచ్చుక కూతలాంటి సన్నని కిచకిచ. గడ్డిలోంచి ఒక కూన వచ్చి దాని మెడ కింద తల దూర్చింది. రెండోది వచ్చింది. మూడోదాని కోసం తల్లి బండ్ల చక్రాల మధ్యకు చూస్తూనే ఉంది.

రేడియో మళ్లీ గరగరలాడింది. "చుయి!" నది ఒడ్డున చెట్టు మీద చిరుత, అసలు సిసలు చిరుత, కొమ్మ మీద పడుకుని ఉందట. ముప్పై ఒక్క బండ్లూ ఒకేసారి ఇంజన్లు వేశాయి. మా డ్రైవరు కూడా తాళం చెవి తిప్పబోతుంటే పక్క సీటాయన ముందుకు వంగి అతని భుజం తట్టారు.

"చిరుత మనకు అయిపోయింది బాబూ. ఖడ్గమృగం ఎక్కడైనా ఉందేమో అడుగు."