పొయ్యి ఆరాక బోర్డు ఎవరికి?

అమెరికాలో రోడ్డు పక్క పాత హోటళ్ళను కాపాడటమంటే గోడలు, బోర్డు నిలపడమా, పొయ్యి వెలుగుతూ ఉంచడమా? ఇప్పటికీ నిలిచి ఉన్న మెక్‌డొనాల్డ్స్ రెస్టారెంట్లలో అన్నిటికంటే పాతది కాలిఫోర్నియాలోని డౌనీలో ఉంది. 1953లో తెరిచారు. స్టాన్లీ మెస్టన్ డిజైన్ చేసిన పసుపు కమాన్లు, 60 అడుగుల నియాన్ బోర్డు, దాని మీద పరుగెత్తే బుల్లి వంటవాడు స్పీడీ, అన్నీ ఉన్నాయి. ఇది ఎలా మిగిలిందో తెలిస్తే నవ్వొస్తుంది. దీని యజమానుల ఒప్పందం నేరుగా ఆ పేరుతో హోటళ్ళు మొదలుపెట్టిన మెక్‌డొనాల్డ్ సోదరులతో జరిగింది. అందుకే తర్వాత మెక్‌డొనాల్డ్స్‌ను పెద్ద సంస్థగా పెంచిన రే క్రాక్ కంపెనీకి దీని మీద అజమాయిషీ లేదు. మిగతా ఊళ్ళలో కమాన్లు పీకేసి కొత్త పైకప్పులు వేస్తున్న రోజుల్లో దీని జోలికి ఎవరూ రాలేకపోయారు.

1990లో అది కంపెనీ చేతికొచ్చింది. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపం తర్వాత మూసేశారు. జనం ఊరుకోలేదు. చారిత్రక కట్టడాల పరిరక్షణ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఆ ఏడాది ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో దీన్ని చేర్చింది. చివరికి కంపెనీ దిగొచ్చి, బాగుచేసి, 1996లో మళ్ళీ తెరిచింది. ఇప్పటికీ అక్కడ బర్గర్లు అమ్ముతున్నారు. నా దృష్టిలో అసలు విజయం అదే.

లాస్ ఏంజెలెస్‌లోని జానీస్ కాఫీ షాప్ సంగతి చూడండి. ఆర్మెట్, డేవిస్ అనే ఇద్దరు వాస్తుశిల్పులు 1950లలో గీసిన అందమైన గూగీ శైలి (కారులో పోయేవాళ్ళ కంట పడేలా విచిత్రమైన కోణాలు, పెద్ద బోర్డులు పెట్టే శైలి) భవనం. 2000లో వ్యాపారం ఆగిపోయింది. 2013లో నగరం దాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించింది. సినిమా షూటింగులకు పనికొచ్చింది. కాఫీ మాత్రం దొరకలేదు.

చాలామంది చారిత్రక కట్టడాల జాతీయ జాబితా అయిన నేషనల్ రిజిస్టర్‌లో పేరెక్కితే చాలు, ఇక ఢోకా లేదనుకుంటారు. 1966 చట్టంతో వచ్చిన ఆ జాబితా గౌరవం ఇస్తుంది, కొన్ని పన్ను రాయితీలకు దారి తీస్తుంది. ప్రైవేటు యజమాని తన సొంత డబ్బుతో కూల్చేయాలనుకుంటే మాత్రం ఆపలేదు. పైగా యజమాని వద్దంటే పేరే ఎక్కదు, డౌనీలో అదే జరిగింది. నగరాల చట్టాలకు పళ్ళు కాస్త ఎక్కువ. 2015లో లా సియెనెగా వీధిలోని నార్మ్స్ రెస్టారెంటుకు కూల్చివేత పర్మిట్ వచ్చిందని తెలిసి లాస్ ఏంజెలెస్ వాసులు గగ్గోలు పెడితే, అదే ఏడాది నగరం దానికి రక్షణ హోదా ఇచ్చింది. అయితే ఆ హోదా గోడలకే. అద్దె పెరిగినా, వంటవాడు దొరక్కపోయినా అది చేసేదేమీ లేదు.

ఇంకో చిక్కు ఉంది. ఈ కట్టడాల్లో చాలావాటికి 'అసలు చోటు' అన్న మాటే సరిగ్గా అతకదు. డైనర్లు అనే రైలు పెట్టెలాంటి చిన్న హోటళ్ళను ఫ్యాక్టరీలో తయారుచేసి, లాగి తెచ్చి రోడ్డు పక్కన దించేవారు. మిన్నియాపొలిస్‌లోని 1936 నాటి వైట్ క్యాజిల్ బర్గర్ హోటల్‌ను ఎనామెల్ పలకలతో, అవసరమైతే తరలించేలా కట్టారు. తర్వాత నిజంగానే తరలించారు. 1986లో రిజిస్టర్ దాన్ని అంగీకరించింది, మంచిపనే. కానీ తరలింపు ఒక్కటే మందు కాదు. న్యూయార్క్‌లోని మూన్‌డాన్స్ డైనర్‌ను 2007లో వ్యోమింగ్‌లోని లాబార్జ్ అనే చిన్న ఊరికి లారీ మీద తీసుకెళ్ళారు. బండి క్షేమంగా చేరింది, వ్యాపారమే ఎక్కువకాలం నిలవలేదు. 2012లో మూతపడింది.

బోర్డుల విషయంలో అరిజోనాలోని ట్యూసన్ నగరం తెలివైన పని చేసింది. పాత నియాన్ బోర్డులు కారులో వేగంగా పోయేవాడి కంట పడాలని పెట్టినవి కాబట్టి పెద్దవి. కొత్త నిబంధనల కొలతలకు అవి లొంగవు. బాగుచేయడానికి కిందికి దించితే మళ్ళీ పెట్టనిస్తారో లేదోనన్న టెన్షన్‌తో యజమానులు వాటిని తుప్పు పట్టనిచ్చేవారు. చారిత్రక బోర్డులకు 2011లో ప్రత్యేక నిబంధన తెచ్చి ఆ ముడి విప్పారు. ఖర్చు లేని సంస్కరణ, మిగతా నగరాలు ఎందుకు ఆలస్యం చేస్తున్నాయో నాకర్థం కాదు.

కాపాడేటప్పుడు ఏం గుర్తుపెట్టుకుంటున్నామన్నది కూడా తేల్చుకోవాలి. అమెరికన్ల రోడ్డు ప్రయాణాల జ్ఞాపకాల్లో నారింజ రంగు పైకప్పుల హోవర్డ్ జాన్సన్స్ రెస్టారెంట్లంటే కుటుంబాలు, ఐస్‌క్రీం. 1957లో డెలావేర్‌లోని డోవర్‌లో అదే కప్పు కింద ఘనా ఆర్థికమంత్రి కొమ్లా బెడెమాను నల్లవాడని కూర్చోనివ్వలేదు. విషయం పెద్దదై అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ ఆయన్ను వైట్‌హౌస్‌కు అల్పాహారానికి పిలవాల్సి వచ్చింది. మామూలు నల్లజాతి ప్రయాణికులకు ఆ పిలుపు రాదు కదా, వాళ్ళు ఎక్కడ తినొచ్చో చెప్పే గ్రీన్ బుక్ చేతపట్టుకుని బయల్దేరేవారు. ఇలాంటి రెస్టారెంటు ముందు పెట్టే పలకలో డిజైనర్ పేరుతో పాటు 1964 పౌరహక్కుల చట్టానికి ముందు లోపలికి ఎవర్ని రానిచ్చేవారో కూడా రాయాలి.

డబ్బు ఎక్కడ పెట్టాలన్నదానికి శాన్ ఫ్రాన్సిస్కో 2015లో ఒక దారి చూపింది. సాధారణంగా 30 ఏళ్ళు దాటిన వ్యాపారాలను లెగసీ బిజినెస్‌లుగా నమోదు చేసి, వాటికి గ్రాంట్లు ఇచ్చే ఏర్పాటు చేసింది. దీర్ఘకాలిక లీజు ఇచ్చే భవన యజమానికి కూడా సాయం ఉంది. రోడ్డు పక్క హోటళ్ళు ఉన్న చిన్న ఊళ్ళకు అంత బడ్జెట్ ఉండదు, రాష్ట్రాలు ముందుకు రావాలి. గ్రాంటులో మొదటి వాటా గ్యాస్ పొయ్యికి, పైకప్పుకి, ట్రాన్స్‌ఫార్మర్‌కి వెళ్ళాలి. పలక తర్వాత చేయించుకోవచ్చు.