పరదా ఇవతలికి వినపడే జబ్బు

అమ్మకు భుజం పట్టేస్తే దిల్‌సుఖ్‌నగర్ వైపు ఒక ఫిజియోథెరపీ సెంటర్‌కి మూడు వారాలు తిప్పాను. మంచానికీ మంచానికీ మధ్య నీలం పరదా. అవతల ఎవరున్నారో కనపడదు గానీ మాటలన్నీ వినపడతాయి. కాన్పయ్యాక దగ్గినా నవ్వినా మూత్రం ఆగట్లేదని ఒకావిడ గొంతు తగ్గించి చెబుతుంటే, థెరపిస్టు మాత్రం మామూలు గొంతుతోనే "ఎన్నాళ్ల నుంచమ్మా?" అని అడిగారు. ఇవతల కూర్చున్న నలుగురం తలలు దించుకున్నాం. కౌంటర్ మీద అటెండెన్స్ పుస్తకం ఒకటి. పేరు, ఫోన్ నంబరు, పక్కన 'సమస్య' అని ఇంకో గడి. సంతకం ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటూ అమ్మ ఆ పేజీలో అందరి జబ్బులూ చదివేసింది. ఆమె తప్పేముంది?

రోగుల సమాచారం బయటపడడం అనగానే మనకు హ్యాకర్లు గుర్తొస్తారు. చట్టం చూపూ అటే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం తగిన భద్రత పెట్టకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అయితే అది డిజిటల్ డేటాకే. పెన్నుతో రాసిన ఆ గడి కంప్యూటర్‌లోకి ఎక్కేదాకా దాని కిందికి రాదు. పరదా దాటిన మాట అసలే రాదు. అక్కడ కాపలా థెరపిస్టు నోరే.

పైగా వీళ్లకు తెలిసేది డాక్టర్‌కి తెలిసేదానికన్నా ఎక్కువ. డాక్టర్ చూసేది ఐదు నిమిషాలు. పక్షవాతం వచ్చినాయనతో థెరపిస్టు రోజూ ముప్పావు గంట, నెలల తరబడి ఉంటారు. బాత్రూమ్‌కి ఎవరు పట్టుకుని తీసుకెళ్తున్నారు, కోడలు విసుక్కుంటోందా, అన్నీ ఆ వ్యాయామాల మధ్యే బయటికొస్తాయి. పట్టుకునే మనిషి లేక పడిపోయే ప్రమాదముంటే అది ఫైల్లో రాయాల్సిందే. కోడలి విసుగు రాయక్కర్లేదు. ఈ తేడా తెలిసినవాళ్లనే నేను మంచి థెరపిస్టులంటాను.

ఇంటికొచ్చి చేసేవాళ్లకు గేటు దగ్గరే పరీక్ష. కూకట్‌పల్లిలో ఏ అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా రిజిస్టర్‌లో ఫ్లాట్ నంబరు, వచ్చిన పని రాయాలి. 'ఫిజియో' అని రాస్తే సాయంత్రానికి బ్లాకంతా పరామర్శకు దిగుతుంది. నాకు తెలిసిన ఒక థెరపిస్టు 'పర్సనల్' అని రాసి ఊరుకుంటారు.

అన్నిటికన్నా చిక్కు ఇంట్లోవాళ్లతోనే. అమెరికాలో ఉన్న కొడుకు "నాన్న నడిచే వీడియో పెట్టండి" అని వాట్సాప్ చేస్తాడు. ప్రేమతోనే అడుగుతాడు. కానీ అది ఫ్యామిలీ గ్రూపుకెక్కితే వియ్యంకుల దాకా పోతుంది. సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే డేటా జోలికి ఆ చట్టం రాదు కూడా. సెంటర్లవాళ్లు రీల్స్ కోసం తీసే 'అప్పుడు-ఇప్పుడు' వీడియోలు ఇంకో రకం. రేపు మళ్లీ ఆ చేతులే పట్టుకుని నడవాల్సిన మనిషి వద్దని ఎలా అంటాడు?

గేటు దగ్గర 'పర్సనల్' అని రాసే ఆ థెరపిస్టే చెప్పారు. కొడుకు వీడియో అడిగితే ముందు తండ్రినే అడిగారట. పెద్దాయన వాకర్ వైపు చూసి, "ఇది వదిలేశాక తియ్యమ్మా" అన్నారట. కొడుక్కి ఆమె పంపిన మెసేజ్ ఒక్కటే: "బాగానే ఉన్నారు, మిగతాది నాన్నగారికే ఫోన్ చేసి అడగండి."