ఇంటి గుట్టు ఓనరుకెరుక

ఇంటి గుట్టు బయటపెట్టొద్దని పెద్దలు చెప్పిన మాటను ఇవాళ తు.చ. తప్పకుండా పాటిస్తున్నది ఇళ్లు అమ్మేవాళ్లొక్కరే. హన్మకొండలో నేను కొన్న ఇంటి ఓనరు ఆ విషయంలో మహానుభావుడు.

సగం డబ్బు ముందు, మిగతాది నెలనెలా ఆయనకే, అంతా తీరాక రిజిస్ట్రేషన్. ఇదీ బేరం. "బ్యాంకెందుకు తమ్మీ, ఆ తిప్పలెందుకు? నా చేతికే కట్టు" అన్నాడు. కరిగిపోయాను. బ్యాంకుకు పోతే ఒక ఇంజనీరు వచ్చి గోడలన్నీ చూస్తాడు. ఒక వకీలు ఇల్లు ఎవరెవరి చేతులు మారిందో చెప్పే లింకు డాక్యుమెంట్లు, దాని మీద అప్పులున్నాయో లేదో చెప్పే ఈసీ అడుగుతాడు. పరాయివాళ్లు అలా ఇల్లంతా కలియతిరగడం మర్యాదస్తుల ఇంట్లో బాగుంటుందా?

ఇల్లు చూపించడానికి ఆయన మే నెల ఎంచుకున్నాడు. వరంగల్ ఎండలకు చెరువులే ఎండుతాయి, గోడలెంత? బెడ్రూంలో కొత్త పెయింట్ వాసన గుప్పుమంది. మోకాలి ఎత్తు దాకా ముదురు నీలం, ఆ పైన తెలుపు. డిజైన్ బాగుందన్నాను. "పిల్లలు గోడలు ఖరాబు చేస్తరని" అన్నాడు. ఆ పిల్లలు పదేళ్లుగా అమెరికాలో ఉన్నారని తర్వాత తెలిసింది. పక్కింటి ప్రహరీ మీద మాత్రం సరిగ్గా అదే ఎత్తులో బురద గీత ఉంది. 2020 ఆగస్టులో నయీంనగర్ నాలా పొంగినప్పుడు వచ్చిన నీళ్లట. మా గేటు దాకా వచ్చి, నీలం రంగు చూసి, వెనక్కి మళ్లి ఉంటాయి.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టానికి ఈ సంస్కారం అర్థం కాలేదు. అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూస్తే దొరకని ముఖ్యమైన లోపం ఉంటే చెప్పి తీరాలట. చెప్పకపోతే మోసమేనని 55వ సెక్షన్‌లో రాశారు. (బీరువా జరిపి చూడటం మామూలు జాగ్రత్తో, అతి జాగ్రత్తో మాత్రం రాయలేదు.) అయితే 'వేరే ఒప్పందం లేకుంటే' అన్న సందు కూడా అక్కడే ఉంది. మా వంద రూపాయల స్టాంపు కాగితం మీద 'ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని, తృప్తి చెంది' అని ఉంది. నేను తృప్తి చెందిన సంగతి నాకు జూలైలో తెలిసింది.

ముసురు పట్టిన మూడో రోజు నీలం రంగు పొక్కులు లేచింది. గోరుతో గీకితే పెచ్చు ఊడి, కింద పాత బురద గీత చెక్కుచెదరకుండా బయటపడింది. హాల్లో టైల్స్ సందుల్లోంచి నీళ్లు ఊరుతున్నాయి. మా ఆవిడ బియ్యం డబ్బాను మంచమెక్కించింది. ఇళ్ల అమ్మకాల మీద ఫిర్యాదులు వినే సర్కారు సంస్థ రెరాకు పోదామంటే, 5 ఏళ్ల పూచీ బిల్డరు అమ్మిన ఇళ్లకేనట. వాయిదా ఆపుదామంటే రిజిస్ట్రేషన్ కాలేదు. కాగితాల్లో ఇల్లు ఆయనది, గిన్నెలు పెట్టి నీళ్లు ఎత్తిపోసేది మేము.

5వ తారీఖు రాత్రి వాయిదా కోసం వచ్చాడు. కరెంటు లేదు. "తడి సంగతి నాకేమెరుక తమ్మీ? మేమున్నప్పుడు సుక్క రాలే" అంటూనే, ఆ చీకట్లో గుమ్మం దగ్గర ఒక పెద్ద అంగ వేశాడు, కుడికి జరిగి ఇంకొకటి వేశాడు, పొడి కాళ్లతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కొవ్వొత్తి పట్టుకుని ఎదురెళ్లిన నా పైజామా అంచులు మాత్రం తడిశాయి.