కలిసిపోయాయట!

"ఏం భయం లేదండీ, అన్నీ భలే కలిసిపోయాయి." ఒకే అక్వేరియంలో నాలుగు రకాల న్యూట్లను, అంటే నీళ్ళలో తిరిగే బల్లిలాంటి ఉభయచరాలను, కుమ్మరించిన ప్రతి మహానుభావుడూ అనే మాట ఇదే. ఆ వెంటనే ఫోన్ తీసి ఫొటో చూపిస్తాడు. పాచి పట్టిన అద్దం, దాని మీద ఫ్లాష్ మెరుపు, ఓ మూల గోధుమరంగు మరక. "ఇంతకీ ఇదేం జాతంటారు?" జాతేదో తెలియదు, కలిసిపోయిందని మాత్రం తెలుసు!

పొట్ట ఎర్రగా ఉంది కాబట్టి అది 'ఫైర్ బెల్లీ' అని ఆయన నమ్మకం. దుకాణం వాడు అంటించిన చీటీ కూడా అదే. కానీ ఆ చీటీ కింద ఎన్ని కులగోత్రాలో! నునుపైన చర్మంతో పది సెంటీమీటర్లు మించనిది చైనాది. కాస్త పెద్దగా, గరుకుగా, కళ్ళ వెనక విషగ్రంథులు ఉబ్బెత్తుగా కనిపిస్తే జపాన్‌ది. ఒళ్ళంతా పొక్కులు, వీపు మధ్య గట్టు ఉంటే పారామెసోట్రైటాన్. బల్లపరుపు తల, తెడ్డులాంటి తోక ఉన్నది పాకీట్రైటాన్. ఈ చివరి పెద్దమనిషి సొంత జాతివాణ్ణే పక్కన కూర్చోనివ్వడు.

ఇక ఆ సామరస్యాన్ని కళ్ళారా చూద్దాం. అడుగునున్న గుహను పాకీట్రైటాన్ గారు వచ్చిన రోజే తన పేర రాయించుకున్నారు. చైనా న్యూట్ మూడు రోజులుగా నీటిపైకి తేలిన ఆకు దిగడం లేదు. "ఎండ కాగుతోంది" అంటాడు యజమాని. పైనున్నది ట్యూబ్‌లైటు. ఆ న్యూట్ వెనక కాలికి రెండు వేళ్ళు తగ్గాయి. "మళ్ళీ మొలుస్తాయి లెండి." మొలుస్తాయి, నిజమే. ఇలాంటి యజమాని ఒకడు దొరుకుతాడని ప్రకృతి ముందే పసిగట్టింది కాబోలు. పక్కనే ఉష్ణమండలపు చేపలు. వాటికి 25 డిగ్రీలు కావాలి, న్యూట్లకు 20 దాటితే ఆయాసం. ధర్మాత్ముడు కదా, హీటర్‌ను సరిగ్గా మధ్యలో పెట్టి ఇద్దరికీ సమానంగా అన్యాయం చేశాడు. నిన్న కొత్త అతిథి ఆక్సొలాటిల్ వచ్చింది, న్యూట్ల కన్నా పెద్దదైన వాటి బంధువు. నోట పట్టేదంతా తిండే అన్నది దాని సిద్ధాంతం. ఆకు మీది న్యూట్ కాస్త కిందికి జారింది. న్యూట్ చర్మంలో ఉండేది టెట్రోడోటాక్సిన్, పఫర్ చేపలో ఉండే విషమే. తెల్లారేసరికి తిన్నదీ లేదు, తినబడిందీ లేదు. ఇప్పుడు నిజంగానే కలిసిపోయాయి.

ఇంతవరకూ నవ్వుకుందాం. బీసాల్ దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు. 2013లో శాస్త్రవేత్తలు పేరు పెట్టిన ఫంగస్ అది. పూర్తి పేరు బ్యాట్రకోకైట్రియం సాలమాండ్రివోరాన్స్, అంటే సాలమాండర్లను తినేదని. న్యూట్లు కూడా సాలమాండర్లే. కొన్ని ఆసియా న్యూట్లు దాన్ని మోస్తూనే హాయిగా తిరుగుతాయి. అదే ఐరోపా ఫైర్ సాలమాండర్‌కు సోకితే చర్మం పుళ్ళు పడి చచ్చిపోతుంది. నెదర్లాండ్స్‌లో అవి దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఆ భయంతోనే 2016లో అమెరికా ఏకంగా 20 ప్రజాతుల సాలమాండర్ల దిగుమతిని ఆపేసింది. ఈయన మాత్రం "చూడ్డానికి ఆరోగ్యంగానే ఉందండీ" అంటాడు. అయ్యా, మోసేది ఆరోగ్యంగానే ఉంటుంది! చచ్చేది పక్కది! కొత్తదాన్ని కొన్ని వారాలు వేరే టబ్బులో ఉంచడానికి నీకేం రోగం? పైగా విసుగొచ్చిన రోజున తొట్టి నీళ్ళతో సహా మిగిలినవాటిని వాగులో వదిలేసి, "స్వేచ్ఛనిచ్చాను" అంటావా? ఆ వాగులో ఉన్నవి నీకేం ద్రోహం చేశాయి?

మొన్న మళ్ళీ కనిపించాడు. మళ్ళీ ఫోన్ తీశాడు. అదే పాచి అద్దం, గుహలోంచి బయటికొచ్చిన ఓ తెడ్డు తోక.

"ఇదొక్కటే మిగిలిందండీ. పాపం, ఒంటరిదైపోయింది. తోడుగా ఏం తెమ్మంటారు?"